గాలికి తాళం

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు ఏనాడో అన్నారు. నవలలు రాసే మనిషిని కాబట్టి ఆ గోడల జాతి నాది. బస్సులో ముందు సీటువాళ్ళు మాట్లాడుకుంటుంటే నా చెవి దానంతటదే అటు తిరుగుతుంది. అందుచేత, డబ్బు పెట్టి ఒక యంత్రం కొనుక్కుని మరీ ఊరి పోలీసుల మాటలూ, ఫైరింజనువాళ్ళ మాటలూ వినే సరదా ఒకటి అమెరికాలో ఉందని తెలిసినప్పుడు, వాళ్ళెవరో నాకు దూరపు చుట్టాల్లా అనిపించారు. ఆ యంత్రం పేరు స్కానర్. తీరా చరిత్ర తవ్వుకుంటూ వెళితే, అది ఒట్టి సరదా కథగా మిగల్లేదు.

మొదట్లో ఇది ఎవరూ అనుకుని ఇచ్చిన హక్కు కాదు. 1920లలో డెట్రాయిట్ నగరంలో దొంగలు కార్లెక్కి పారిపోతుంటే, పోలీసులు తమ కార్లలో రేడియో పెట్టుకోవాలని చూశారు. వాళ్ళ స్టేషనుకి వచ్చిన పేరు ‘కేఓపీ’. పోలీసుని అక్కడ వాడుకలో ‘కాప్’ అంటారు లెండి! దానికి వినోదాల స్టేషనుగా లైసెన్సు ఇచ్చారు. దాంతో, దొంగ ఫలానా వీధిలో ఉన్నాడని చెప్పే స్టేషను మధ్యమధ్య సంగీతం కూడా వినిపించవలసి వచ్చింది! చివరికి 1928 ఏప్రిల్ 7న పని నిలకడగా మొదలైంది. అదీ ఒకవైపే. స్టేషను చెబుతుంది, కారులోవాళ్ళు వింటారు. 1933లో న్యూజెర్సీలోని బయోన్ అనే ఊళ్ళో రెండువైపులా మాట్లాడుకునే ఏర్పాటు వచ్చింది.

ఆ మాటలు నడిచే దారి పాటల స్టేషన్ల పక్కనే ఉండేది. ముల్లు ఇంకాస్త జరిపితే చాలు, పోలీసులు పలికేవారు. 1930లలో తయారైన ఎన్నో అమెరికన్ రేడియోల అద్దం మీద అంకెల పక్కనే ‘పోలీసు’ అని కూడా అచ్చువేసి ఉండేది. రేడియో సిలోన్ కోసం ఊపిరి బిగబట్టి ముల్లు తిప్పిన ఇళ్ళవాళ్ళకి ఆ ఆనందం నేను వేరే చెప్పాలా? న్యూయార్కులో వీజీ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన పత్రికా ఫొటోగ్రాఫరు, తన కారులోనే పోలీసు రేడియో పెట్టుకుని నేరం జరిగిన చోటికి పరిగెత్తేవాడు.

తర్వాత పోలీసులు ఇళ్ళు మారడం మొదలుపెట్టారు. రేడియోలో ఒకరి ఫ్రీక్వెన్సీ అంటే వాళ్ళ ఇంటి నెంబరు అనుకోండి. 1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులు ఎఫ్.ఎమ్. పద్ధతికి మారి, పాటల రేడియోకి అందనంత పై మెట్టు ఎక్కారు. క్రమంగా మిగతా ఊళ్ళూ ఎక్కాయి. వినేవాళ్ళు ఊరుకున్నారా? వాళ్ళూ వేరే రేడియోలు కొనుక్కుని పై మెట్టు ఎక్కారు. 1960ల చివరికి స్కానర్ బజారులోకి వచ్చింది. అది నాలుగైదు ఇళ్ళ తలుపులు వరసగా తట్టుకుంటూ పోయి, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగుతుంది. ఒక్కో నెంబరుకి ఒక్కో గోరంత స్ఫటికం కొని లోపల అమర్చాలి. పోలీసులు నెంబరు మారిస్తే ఆ స్ఫటికం దండగ, మరొకటి కొనుక్కోవాలి. 1970ల మధ్యనుంచి ఆ స్ఫటికాల బెడద లేని స్కానర్లు వచ్చాక ఈ తిప్పలు తప్పాయి.

తప్పాయనుకునేలోపల ఇంకోటి వచ్చింది. ఊళ్ళు పెరిగాయి, గాలిలో చోటు చాలలేదు. అప్పుడు ట్రంకింగ్ అనే పద్ధతి పెట్టారు. పెళ్ళివారి విడిది ఊహించుకోండి. ఫలానా గది ఫలానావారిదని రాసిపెట్టకుండా, వచ్చినవాళ్ళకి ఏది ఖాళీగా ఉంటే ఆ తాళంచెవి ఇచ్చేస్తారు. ఒక పోలీసు ప్రశ్న ఒక గదిలోంచి, దానికి జవాబు ఇంకో గదిలోంచి! పాత స్కానర్ తలా తోకా లేని ముక్కలే వింటుంది. అందుకని, గుమ్మం దగ్గర తాళంచెవులిచ్చే మనిషిని కనిపెట్టుకుని ఉండే కొత్తరకం స్కానర్లు తయారయ్యాయి.

ఇంతలో ఆ విడిది పక్కనే నెక్స్‌టెల్ అనే సెల్‌ఫోను కంపెనీ చేరింది. దాని హోరులో పోలీసుల మాటలు వాళ్ళకే వినపడని చోట్లు ఏర్పడ్డాయి. ఇద్దరినీ విడదీసి, గదుల నెంబర్లు మార్చమని అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2004లో ఉత్తర్వు ఇచ్చింది. మూడేళ్ళలో అయిపోతుందనుకున్న పని 2021 దాకా సాగింది. మన ఇంటి మరమ్మతులే నయం! పాత నెంబర్ల జాబితా కంఠతా పట్టి ఉన్న స్కానర్లు తికమకపడ్డాయి. కొన్నిటికి కంపెనీలు కొత్త జాబితా ఎక్కించి ఇచ్చాయి, కొన్ని అటకెక్కాయి. తక్కిన పోలీసు, ఫైరు రేడియోలలో చాలావాటికి 2013 జనవరి 1 గడువు పెట్టి, 25 కిలోహెర్ట్జ్ వెడల్పున్న దారిని 12.5కి కుదించమన్నారు. ఉమ్మడి వసారాకి మధ్యలో తడిక కట్టి అన్నదమ్ములు పంచుకున్నట్టన్నమాట. పాత స్కానర్లలో మాట వినిపిస్తుంది గాని, నూతిలోంచి వచ్చినట్టు చిన్నగా వినిపిస్తుంది.

ఇక్కడ ఒక్కమాట గమనించండి. ఇన్ని మార్పుల్లోనూ వినేవాళ్ళని వెళ్ళగొట్టాలన్న ఉద్దేశం లేదు. చోటు చాలక సర్దుకున్న సర్దుబాట్లు అవి. వినేవాళ్ళు సణుక్కున్నారు, డబ్బు ఖర్చుపెట్టారు, మళ్ళీ విన్నారు. మాటని అంకెలుగా మార్చి పంపే పద్ధతి వచ్చినా, కొన్నాళ్ళకి దానికీ స్కానర్ వచ్చింది.

చివరి మార్పు మాత్రం వేరు. దాన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. అంటే మాటకే తాళం. ఎంత ఖరీదు పెట్టినా దాన్ని విప్పే స్కానర్ బజారులో దొరకదు. 2023 జులైలో న్యూయార్కు పోలీసులు బ్రూక్లిన్‌లోని కొన్ని స్టేషన్లతో ఇది మొదలుపెట్టారు. దశాబ్దాలుగా విలేకరులూ, నిద్రపట్టని ముసలివాళ్ళూ, సరదాకొద్దీ వినేవాళ్ళూ విన్న చోట ఇప్పుడు వినిపించేది ఏమీ లేదు.

పోలీసుల వాదన కొట్టిపారెయ్యదగ్గది కాదు. 2013లో బోస్టన్ బాంబుల కేసులో నిందితుల కోసం వెతుకుతున్నప్పుడు, తాము ఏ ఇల్లు సోదా చేస్తున్నారో లోకానికి చాటవద్దని పోలీసులే ప్రజలని బతిమాలుకోవలసి వచ్చింది. అంతకంటే నన్ను ఆపేసిన ఆలోచన ఇంకొకటుంది. అర్ధరాత్రి మొగుడు కొడుతున్నాడని ఒక ఇల్లాలు ఫోను చేస్తుంది. ఆమె ఇంటి నెంబరు, ఆమె దుస్థితి గాలిలోకి వెళతాయి. అది నాలుగు వీధులవాళ్ళకి కాలక్షేపం కావాలా? ఆ స్కానర్ ముందు కూర్చున్న దూరపు చుట్టాన్ని అక్కడ నేను వెనకేసుకురాలేను.

కాని తలుపు మొత్తం మూసేస్తే, ఆమె ఫోను చేశాక పోలీసులు ఎంతసేపటికి కదిలారో, ఏమని మాట్లాడుకున్నారో వాళ్ళు చెబితే తప్ప మనకి తెలియదు. సమాధానం లేని చిక్కేం కాదిది. కాలిఫోర్నియాలో పాలో ఆల్టో పోలీసులు 2021 జనవరిలో వేసిన తాళాన్ని 2022 సెప్టెంబరులో తీసేశారు. మనుషుల సొంత వివరాలు చెప్పుకోవలసి వస్తే వేరే దారిన చెప్పుకుంటారు, మిగతా మాటలు అందరికీ వినబడతాయి. షికాగోలో తాళం వేసినా, అరగంట ఆలస్యంగా ప్రజలకి వినిపించే ఏర్పాటు చేశారు. అరగంట దాటాక విలేకరి అక్కడికి వెళితే ఏం మిగులుతుందన్నది వేరే సంగతి.

ముల్లు పక్కకి జరిగి యాదృచ్ఛికంగా దొరికిన వీలు అది. హక్కుగా ఏ చట్టంలోనూ రాసుకోలేదు కాబట్టి, పోయేటప్పుడు కూడా పెద్దగా చప్పుడు చెయ్యలేదు. మన మేలుకే పనిచేసేవాళ్ళ మాటల్లో మనం వినవలసినవేవి, వినకూడనివేవి అన్నది ముందే కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఆ పని రేడియోలు బిగించే ఇంజనీర్లకి వదిలేస్తే, వాళ్ళు తమకి చేతనైనదే చేస్తారు. తాళం గట్టిగా వేస్తారు. తాళంచెవి ఎవరి కొంగున ఉండాలో చెప్పవలసినవాళ్ళం మనమే కదా, ఏమంటారు?