ఇంజనుకు అరువు గాలి

మాదాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమైనది 1998లో. రాతిగుట్టల నడుమ నున్న గ్రామమునకు వెడల్పైన రోడ్లు వచ్చినవి; 2020లో దుర్గముచెరువుపై తీగల వంతెన వచ్చినది; వానితోపాటు కార్లును వచ్చినవి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన వేగపు కారొకటి అందుబాటు ధరకు దొరికినచో కొని, దానికి పూర్వపు సత్తువను, వీలైనచో మరికొంత సత్తువను తెప్పింపవలెనని యువకులకు తోచుట సహజమే. అట్టివారి నోట వినబడు మాట నైట్రస్. 2001లో వెలువడిన ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ చలనచిత్రము చూచినవారికి, మీట నొక్కగనే కారు బాణమువలె దూసికొనిపోవుట జ్ఞాపకముండును. ఆ మీట కథ యుద్ధవిమానములలో మొదలైనది.

నైట్రస్ ఆక్సైడ్ మాత్రము అంతకంటె పాతది. 1772లో ప్రీస్ట్‌లీ దానిని తయారుచేసెను. హంఫ్రీ డేవీ తానే పీల్చి చూచి 1800లో గ్రంథము ప్రకటించెను. నవ్వించు వాయువను పేరు ఆనాటిదే. 1844లో హోరెస్ వెల్స్ అను అమెరికా దంతవైద్యుడు దానిని పీల్చి, నొప్పి తెలియకుండ తన పన్ను తీయించుకొనెను. ఇది పెట్రోలువలె మండు వస్తువు కాదు. ఈ సంగతి తెలియకనే పెక్కు అపోహలు పుట్టినవి. బరువు లెక్కన మనము పీల్చు గాలిలో ఆమ్లజని నూటికి 23 పాళ్ళు. ఈ వాయువులో 36 పాళ్ళు. ఇంజనులోని వేడికి ఇది విడిపోయి ఆమ్లజని నిచ్చును. దానితో అదనపు పెట్రోలు మండును. బలము పెట్రోలుది, వాయువు తోడు మాత్రమే. ద్రవము ఆవిరియగునప్పుడు లోపలికి పోవు గాలిని చల్లార్చి చిక్కబరచుట మరియొక లాభము.

గాలి కొరత యెంత కష్టమో బాగుగ నెరిగినవారు వైమానికులు. హైదరాబాదునకు ఈ కథతో చుట్టరికము కలదు. 1918లో ఉస్మాన్ అలీఖాను ధనసహాయముతో బ్రిటిషు వాయుసేనలోని 110వ దళమునకు డి.హెచ్. 9ఏ విమానములు సమకూడినవి. ఒక్కొక్కదానిలో 400 అశ్వశక్తి గల లిబర్టీ ఇంజను. రెండవ ప్రపంచయుద్ధమున 152, 253 దళములు హైదరాబాదు పేరు ధరించినవి. 152వ దళపు చిహ్నములో నిజాము తలపాగాయే యున్నది. 1940లో బ్రిటనుపై జరిగిన ఆకాశయుద్ధమున ఆ దళము స్పిట్‌ఫైర్లతోను, 253వ దళము హరికేన్లతోను పోరాడినవి. రెంటికిని రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజనే. 18,000 అడుగుల యెత్తున గాలి ఒత్తిడి నేలపై ఉన్నదానిలో సగమునకు పడిపోవును. కావున గాలిని బలవంతముగ నెట్టు సూపర్‌చార్జరు ఆ ఇంజనులో ఉండెను. ఇంకను పైకి పోయినచో అదియు చాలదు. జర్మనులు కొన్ని మెసర్‌ష్మిట్ 109 విమానములలో నైట్రస్ ఆక్సైడును ద్రవముగ మోసికొనిపోయి, ఆ యెత్తున ఇంజనులోనికి వదలిరి. ఆ యేర్పాటునకు జి.ఎం.–1 అని పేరు. 1944లో బ్రిటిషువారును కొన్ని మస్కిటో రాత్రివిమానముల మెర్లిన్ ఇంజనులకు ఈ వాయువు నందించిరి. హైదరాబాదు దళములు దీనిని వాడినవని మేము చెప్పుటలేదు. వాని ఇంజనుకు తోబుట్టువైన ఇంజనులో వాడిరని మాత్రమే.

యుద్ధవిమానపు ఇంజనును కొన్ని వందల గంటలకొకసారి విప్పి, అరిగిన భాగములు మార్చి, మరల కూర్చెడివారు. మన లక్షన్నర కిలోమీటర్ల కారు సగటున గంటకు 40 కిలోమీటర్లు పోయినదనుకొన్నను, దాని ఇంజను 3,750 గంటలు తిరిగినదన్నమాట. బహుశః ఒక్కమారైనను విప్పియుండరు. దాని ఆరోగ్యము ముందు తెలియవలయును.

అందుకు మెకానిక్కులు చేయు పరీక్షలు రెండు. సిలిండరులలో కంప్రెషను కొలుచుట ఒకటి: ఒకదానికొకటి నూటికి పదికి మించి తేడా యున్నచో ఆ ఆలోచన మానుకొనుటయే మేలు. లోపలికి గాలి నెక్కించి ఎంత కారిపోవునో చూచుట రెండవది. అది నూటికి ఇరువది దాటినచో రింగులో వాల్వులో అరిగినవి. అరిగిన రింగుల సందున నూనె పైకి వచ్చి మండును. పిస్టను తలపై మసి పేరుకొనును. ఆ మసి నిప్పుకణికవలె ఎర్రబడి ప్లగ్గు కంటె ముందే మంట పుట్టించును. మామూలు నడకలో ఇది తెలియకపోవచ్చును. నైట్రస్ తగిలినప్పుడు పిస్టనుకు రంధ్రము పడగలదు. ఇక పెట్రోలు మాట. కిలో పెట్రోలు మండుటకు పదునాలుగున్నర కిలోలకు పైగా గాలి కావలయును; ఈ వాయువైనచో తొమ్మిదిన్నర కిలోలు చాలును. అనగా దీనిని వదలిన ప్రతిసారి పెట్రోలును అదనముగ పోయవలసినదే. పాతబడిన ఫ్యూయల్ పంపు, మూసికొనిపోయిన ఇంజెక్టరు దాని నందింపలేకపోయినచో వేడి హద్దు మీరును. నైట్రస్ వలన ఇంజను చెడెననునప్పుడు, చాల సందర్భములలో అసలు దోషము పెట్రోలు కొరతయే.

పరీక్షలలో నెగ్గిన ఇంజనుకైనను 35, మించిన 50 అశ్వశక్తుల చిన్న మోతాదే తగును. ప్రతి 50 అశ్వశక్తులకు స్పార్కును సుమారు 2 డిగ్రీలు ఆలస్యము చేయుదురు. ప్లగ్గును ఒక మెట్టు చల్లనిదానిని వేయుదురు. ఆక్సిలరేటరు పూర్తిగ త్రొక్కి, ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు దాటిన పిమ్మటనే వాయువు విడుదలయగునట్లు స్విచ్చులు పెట్టుదురు. పెట్రోలు ఒత్తిడి తగ్గిన వెంటనే వాయువును ఆపు స్విచ్చు మరియొకటి కలదు. తక్కినవన్నియు ఒక యెత్తు, అది యొక యెత్తు.

ఏ గురుతును కనిపెట్టియుండవలెనన్న ప్రశ్నపై, వైద్యమున, ఈ నగరముననే ఒక పెద్ద వివాదము నడచినది. ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888, 1889లలో జరిగిన క్లోరోఫారం కమిషనులు, రోగి ఊపిరిని కనిపెట్టియున్న చాలును, గుండెకు భయము లేదని తీర్మానించినవి. 1911లో లెవీ అను పరిశోధకుడు క్లోరోఫారము గుండెనే నేరుగ ఆపగలదని చూపెను. కారు నడపువాడు చూచునది స్పీడు ముల్లు. అతనికి ప్రమాదము ముందుగ తెలుపునది పెట్రోలు ఒత్తిడి ముల్లు.

హైదరాబాదు ఎండ మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. 20 డిగ్రీల వేడిమిలో నైట్రస్ బాటిలులోని ఒత్తిడి గాలి ఒత్తిడికి సుమారు 50 రెట్లు. 36.4 డిగ్రీలు దాటినచో ఎంత ఒత్తిడిలోనైనను ఈ వాయువు ద్రవముగ నిలువదు. ఒత్తిడి త్వరత్వరగ పెరుగును, ఇంజనుకు పోవు పాలు మారిపోవును. చలిదేశములలో బాటిలుకు హీటరు కట్టుదురు. మేనెలలో ఎండలో నిలిపిన కారు డిక్కీ మన యూరిలో ఆ పని ఉచితముగ చేయును! బాటిలును నిండుకంటె ఎక్కువ నింపరాదు. ఒత్తిడి మీరినపుడు పగులు బిళ్ళ నుండి గొట్టమును కారు వెలుపలికి పెట్టవలయును. మూసిన కారులో ఆ వాయువు నిండినచో నడపువానికి స్పృహ తప్పును.

చట్టపు మాటయు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నముగ వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగ సమర్థించెను. బాటిలునకు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నియమములు వర్తించును. కనుక ఇది మాదాపూరు రోడ్డుపై చేయు పని కాదు. చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో పందెపు మార్గము కలదు. కారును అచటికి తీసికొనిపోవలయును. కంప్రెషను పరీక్షను మాత్రము బయలుదేరకముందే ఇచటనే చేయించుకొనవచ్చును.