కట్లపాము పేరు పెట్టుకున్న పడవ

ధర్మవరం, బుక్కపట్నం చెరువుల్లో పడినదే మనకు చేప. హిందూపురం, పెనుకొండ పల్లెల్లో సముద్రం చూడకుండానే ముసలైపోయినవాళ్లు ఉంటారు. కట్లపామును మాత్రం ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. అది రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవాణ్ని కరిస్తే చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. తెల్లారి రెప్పలు వాలిపోతుంటే, కరిచిందేమిటో ఇంట్లోవాళ్లకు అంతుపట్టదు. రెండో ప్రపంచయుద్ధంలో ఒక చేపల పడవకు ఆ పాము పేరే పెట్టారు. ఇంగ్లిషులో దాన్ని క్రైట్ అంటారు.

అంతకుముందు దాని పేరు కోఫుకు మారు. 1934లో జపాన్‌లో కట్టిన చెక్క పడవ అది. పొడవు 70 అడుగులు, వెడల్పు 11 అడుగులే. సింగపూర్ చుట్టుపక్కల చేపల వ్యాపారంలో ఉండగా, 1941 డిసెంబరులో జపాన్ యుద్ధానికి దిగిన కొద్దిరోజులకే ఆస్ట్రేలియా నౌకాదళం దాన్ని పట్టుకుంది. అక్కణ్నుంచి అది బిల్ రెనాల్డ్స్ అనే ఆస్ట్రేలియా నావికుడి చేతికొచ్చింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోతుంటే, పారిపోతున్న ఓడల్ని జపాన్ విమానాలు వరసగా ముంచేస్తున్నాయి. అలా నడిసముద్రంలో దిక్కులేనివారైన 1,100 మందికి పైగా జనాన్ని రెనాల్డ్స్ ఈ పడవలో ఒడ్డుకు చేర్చాడు. ఈ పడవ చేసిన అసలు ఘనకార్యం ఇదేనని నాకనిపిస్తుంది. పుస్తకాలేమో తర్వాతి సాహసాన్నే పొగుడుతాయి.

ఆపైన అది మన దేశానికి వచ్చింది. విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన 1942 ఏప్రిల్ నాటికి బంగాళాఖాతంలో ఏ ఓడకూ భరోసా లేదు. అలాంటి కాలంలో, శత్రువు నౌకలా కనిపించడమే ఈ పడవకున్న బలమని బ్రిటిష్ సైనికాధికారి ఐవన్ లయన్ కనిపెట్టాడు. జపాన్ పడవలో జపాన్ ఏలుబడిలోని సింగపూర్‌కే వెళ్లి, రేవులో ఓడల్ని పేల్చి రావాలని పథకం వేశాడు. పడవను ఆస్ట్రేలియాకు చేర్చారు. మొదటి ప్రయత్నం ఇంజను మొరాయించడంతో ఆగిపోయింది. కొత్త ఇంజను బిగించారు.

1943 సెప్టెంబరు 2న పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ అఖాతం నుంచి 14 మందితో బయలుదేరారు. పైన జపాన్ జెండా. తెల్లవాళ్లు ఒళ్లంతా గోధుమరంగు పూసుకుని, లుంగీలు కట్టారు. సముద్రంలో పారేసే చెత్త విషయంలోనూ జాగ్రత్తే. జాలరి పడవలో ఉండకూడని వస్తువు ఒక్కటి నీళ్లమీద తేలినా గుట్టు రట్టవుతుంది.

సింగపూర్ దగ్గరికి చేరాక ఆరుగురు మడత పడవల్లో దిగి, తెడ్లేసుకుంటూ సుమారు 50 కిలోమీటర్లు వెళ్లారు. సెప్టెంబరు 26 రాత్రి రేవులోకి చొరబడి, అయస్కాంతంతో ఓడకు అతుక్కునే బాంబులు అమర్చి జారుకున్నారు. ఆరు నౌకలు మునగడమో, బాగా దెబ్బతినడమో జరిగింది. తిరుగు ప్రయాణంలో లంబోక్ జలసంధి దగ్గర జపాన్ గస్తీ నౌక ఒకటి బాగా దగ్గరికొచ్చింది. పలకరించకుండానే తన దారిన పోయింది. అక్టోబరు 19న అందరూ క్షేమంగా ఎక్స్‌మౌత్ చేరారు.

కాటు ఎవరిదో సింగపూర్‌లో తెలియలేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చి కొట్టగలరని జపనీయులు ఊహించలేదు. ఇంటిదొంగల పనే అనుకున్నారు. అక్టోబరు 10న వారి సైనిక పోలీసులు చాంగీ జైలు మీద పడ్డారు. అక్కడి తెల్లజాతి బందీలు, ఊళ్లోని చైనీయులు, మలయీలు కలిపి 57 మందిని పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. 15 మంది చనిపోయారు. దాడితో వాళ్లలో ఒక్కరికీ సంబంధం లేదు. దాడి చేసింది మేమేనని మిత్రపక్షాలు బయటపెట్టనూ లేదు. బయటపెడితే మళ్లీ అదే ఎత్తు పారదని వారి లెక్క. యుద్ధానికి ఆ లెక్క సరిపోతుందేమో గాని, చాంగీలో దెబ్బలు తిన్నవాళ్లకు ఎలా సరిపోతుంది?

పడవ యుద్ధం దాటి బతికింది. బోర్నియోలో కలప పనికి తిరిగి, 1964లో ఆస్ట్రేలియా చేరి, ఇప్పుడు సిడ్నీలోని సముద్రయాన మ్యూజియంలో ఉంది. రెనాల్డ్స్ 1944లో జపనీయుల చేతిలో మరణశిక్షకు గురయ్యాడు. అదే ఏడాది లయన్ 22 మందిని వెంటబెట్టుకుని మళ్లీ సింగపూర్ మీదికి వెళ్లాడు. ఈసారి క్రైట్ లేదు, దారిలో పట్టుకున్న ఒక తెరచాప పడవ ఉంది. గస్తీ పడవ దగ్గరికి వస్తుంటే ఎవరో తొందరపడి తుపాకీ పేల్చారు. ఆ రోజు 1944 అక్టోబరు 10, చాంగీ అరెస్టులకు సరిగ్గా ఏడాది. 23 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు.