కైఫెంగ్ సినగాగ్

చైనాలోని హెనాన్ రాష్ట్రంలో, హొయాంగ్‌హో నదికి చేరువలో ఉన్న కైఫెంగ్ ఒకప్పుడు సోంగ్ చక్రవర్తుల రాజధాని. పడమటి దేశాల బట్టలు కానుకగా తెచ్చిన యూదులను, తాతముత్తాతల ఆచారాలు పాటించుకుంటూ ఇక్కడే ఉండండని చక్రవర్తి ఆదరించినట్టు 1489 నాటి శిలాశాసనం చెబుతోంది. అదే శాసనం ప్రకారం వాళ్ల ప్రార్థనా మందిరమైన సినగాగ్ 1163లో వెలిసింది. అప్పటికి నగరం సోంగ్‌ల చేజారి జిన్ పాలకుల కిందికి వచ్చింది.

చూడడానికి అది చైనా గుడే: వరుసగా ముంగిళ్లు, వంపు తిరిగిన పైకప్పులు, పూర్వీకులకు ధూపం వేసే మందిరాలు. ప్రార్థన మాత్రం జెరూసలేం దిక్కున, పడమటికి తిరిగి చేసేవారు. లోపల చక్రవర్తి దీర్ఘాయుష్షు కోరే పలక ఉండేది. దానికి పైన, దేవుడొక్కడేనన్న హీబ్రూ వాక్యం. రాజభక్తికి లోటు రాకుండా, దేవుడి స్థానం తగ్గకుండా వాళ్లు చేసుకున్న ఈ అమరిక మెచ్చదగినది.

1605లో ఆయ్ తియాన్ అనే కైఫెంగ్ యూదుడు బీజింగ్‌లో జెసూట్ గురువు మత్తెయో రిచ్చీని కలిశాడు. అక్కడ మరియమ్మ, బాలయేసు, బాప్తిస్మమిచ్చు యోహానుల చిత్రాన్ని చూసి, యూదుల గ్రంథంలోని రిబ్కా తన కవలలతో ఉందనుకుని నమస్కరించాడు. వీళ్ల సంగతి యూరప్‌కు తెలిసింది ఆ భేటీతోనే.

1642లో తిరుగుబాటు సేనలు నగరాన్ని ముట్టడించినప్పుడు నది గట్లు తెగాయి. వేలాది మందితో పాటు సినగాగ్‌నూ వరద పొట్టన పెట్టుకుంది. నీళ్లలోంచి తీసిన తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చుట్టలను ఆరబెట్టి, సరిచేసుకున్నారు. సర్కారు కొలువులో ఉన్న జావో యింగ్‌చెంగ్ వంటివారు పూనుకోగా గుడి మళ్లీ లేచింది. 1663లో మరో శాసనం నిలిపారు.

తర్వాత బయటి యూదులతో రాకపోకలు లేవు. పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో చివరి రబ్బీ పోయాక హీబ్రూ చదవగలిగినవారే కరువయ్యారు. పేదరికంలో చిక్కిన సముదాయం 1851లో ఆరు తోరా చుట్టలను మిషనరీల మనుషులకు అమ్ముకుంది. 1866లో మార్టిన్ అనే మిషనరీ వెళ్లేసరికి గుడి లేదు. ఖాళీ స్థలంలో శాసనం మిగిలింది. కలపా ఇటుకలూ అప్పటికే అమ్ముడయ్యాయి.

ఈ గుడిని ఏ రాజూ కూల్చలేదు. వరదలు, పేదరికం, ఒంటరితనం కలిసి దాన్ని మాయం చేశాయి. 1489 నాటి శాసనం కైఫెంగ్ మ్యూజియంలో భద్రంగా ఉంది.