నలభై మెగాబైట్ల అంగడి

చివరికి ఏమైందో ముందే చెప్పేస్తాను. 2019 జనవరి 30న నింటెండో వారి ఆటల యంత్రం 'వీ' కోసం నడిచిన వీ షాప్ మూతపడింది. వీవేర్ పేరుతో అందులో అమ్మిన చిన్న చిన్న ఆటలకు అదే ఆఖరి రోజు.

2008 మార్చి 25న జపాన్‌లో, మే నెలలో అమెరికా, ఐరోపాల్లో వీవేర్ అంగడి తెరిచినప్పుడు ఎన్ని ఆశలు! డిస్కులు చేయించక్కర్లేదు, దుకాణాల చుట్టూ తిరగక్కర్లేదు. పెద్ద కంపెనీలో కొలువు వదిలేసిన ఇద్దరు, రాన్ కార్మెల్, కైల్ గాబ్లర్, శాన్‌ఫ్రాన్సిస్కో కాఫీ షాపుల్లో కూర్చుని 'వరల్డ్ ఆఫ్ గూ' తయారుచేసి ఈ అంగడిలో పెట్టారు. జిగురు ముద్దలు ఒకదాన్నొకటి పట్టుకుని వంతెనవుతాయి, గోపురమవుతాయి. బరువు ఒక పక్కకు ఒరిగిందంటే కట్టిందంతా వణికిపోతుంది. ఎంత ముద్దొచ్చే వణుకో అది!

ఒక్కో ఆటకు 40 మెగాబైట్లే చోటు. గద్వాల చీర అగ్గిపెట్టెలో ఇమిడిపోతుందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఈ పనివాళ్లూ తమ లోకాలను అలాగే మడిచారు. మడతకు లొంగనివాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. 'సూపర్ మీట్ బాయ్' వీవేర్‌లో రావాల్సింది, ఆ 40లో పట్టక మరో గడప తొక్కింది.

వీ యంత్రం లోపల ఉన్నదే 512 మెగాబైట్లు. అది నిండితే కొత్త ఆట కోసం పాతదాన్ని తీసేయాలి. ఎస్‌డీ కార్డు నుంచి ఆటను తెరిచే వీలు 2009 మార్చిలో గాని రాలేదు. కొనేముందు ఆడి చూసే డెమోలు ఆ నవంబరులో వచ్చాయి, అవీ గుప్పెడే. 10 కోట్లకు పైగా అమ్ముడైన యంత్రమది. కార్డు వీలు, డెమోలు రెండూ మొదటి రోజునే ఇచ్చి ఉంటే! పైగా ఫలానా ఇన్ని అమ్ముడైతే తప్ప తయారుచేసినవాళ్ల చేతికి పైసా వచ్చేది కాదు. చిన్నవాళ్ల కోసం తెరిచిన అంగడిలో చిన్నవాళ్లనే పస్తులుంచిన ఆ నిబంధనను తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఆ అంగడిలో డబ్బుగా చెల్లే పాయింట్లను 2018 మార్చి 26 తర్వాత కొత్తగా కొనుక్కోనివ్వలేదు. మిగిలినవి ఖర్చుపెట్టుకోవడానికి పది నెలల గడువు.

తొలిరోజు ఆటల్లో ఒకటి 'మై లైఫ్ యాజ్ ఎ కింగ్'. అందులో మనం బాలరాజు. ఊరు దాటి వెళ్లలేం. ఇళ్లు ఒక్కొక్కటే లేపి, పొద్దున్నే వీరులను సాగనంపి, వాళ్లు తిరిగొచ్చేదాకా వీధుల్లో అందరినీ పలకరిస్తూ తిరుగుతాం. ఆ ఆట మరే యంత్రానికీ రాలేదు. ఈరోజు డబ్బు చేతపట్టుకుని అడిగినా అమ్మేచోటు లేదు.