ఆటలో వచ్చిన డబ్బు ఎవరిది?



మీ బంధువుల్లోనో, మీ వీధిలోనో ఎవరి అబ్బాయో అమ్మాయో అమెరికాలో చదువుకుంటూ ఉండవచ్చు. సెప్టెంబరు వచ్చిందంటే శనివారాల్లో ఊరు ఊరంతా కాలేజీ ఫుట్‌బాల్ చూడడానికి కదిలిపోతుందని ఆ పిల్లలు ఫోనులో మీకు చెప్పే ఉంటారు. ఒక్క మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలోనే లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. ఇది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకుని, తలకు హెల్మెట్టు, భుజాలకు కవచం తొడుక్కుని, ఒకరినొకరు ఢీకొంటూ ఆడే ఆట. ఆడేవాళ్లు విద్యార్థులే. కాని ఆ ఆట చుట్టూ తిరిగేది కోట్ల డాలర్ల డబ్బు. అందులో ఆడిన పిల్లవాడికి వాటా ఉందా అన్నది పాత తగవు. పక్క మైదానంలో ఆడుతున్న ఆడపిల్లకు కూడా వాటా ఉందా అన్నది దాని వెనుకనే వచ్చిన తగవు. ఈ రెండూ ఎలా ముడిపడ్డాయో ఇవాళ చెప్పుకుందాం.

అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి పోటీ 1852లో హార్వర్డ్, యేల్ విద్యార్థుల పడవ పందెం. ఖర్చు పెట్టుకున్నది ఎవరనుకున్నారు? ఒక రైల్వే కంపెనీ. ఆ సరస్సు దగ్గరికి రైలు వేసింది వాళ్లే. పందెం చూడడానికి జనం వస్తే టిక్కెట్లు అమ్ముడవుతాయని వాళ్ల లెక్క. అంటే కాలేజీ ఆట పుట్టిన నాడే వ్యాపారం దాని పక్కన కూర్చుంది. 1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు మొదటి ఫుట్‌బాల్ పోటీ ఆడాయి. ఆ తరువాత ఆట మొరటుగా మారింది. 1905లో ఆ ఒక్క ఏడాదే 18 మంది చనిపోయారని పత్రికలు లెక్క వేశాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లను పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. ఆ కలవరంలోంచే 1906లో కాలేజీలన్నిటికీ ఒక సంఘం ఏర్పడింది. 1910 నుంచి దాన్ని ఎన్.సి.ఏ.ఏ. అంటున్నారు.

ఆ సంఘం పెట్టుకున్న సూత్రం ఒకటే. చదువుకునే పిల్లవాడు ఆడవచ్చు, ఆడినందుకు డబ్బు తీసుకోకూడదు. సూత్రం కాగితం మీద ఉండగానే కోచ్‌లు హైస్కూలు కుర్రవాళ్ల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రుల ముందు కూర్చుని, మా కాలేజీకి పంపండని బతిమాలడం మొదలైంది. మంచి ఆటగాడికి ఉత్తుత్తి ఉద్యోగం చూపించి జీతం ఇచ్చేవాళ్లు. అభిమానుల చేత చాటుగా డబ్బు ఇప్పించేవాళ్లు. 1929లో కార్నెగీ ఫౌండేషన్ నూరుకు పైగా కాలేజీలను పరిశీలించి, వాటిలో ఎక్కువ చోట్ల ఆటగాళ్లకు ఏదో ఒక రూపంలో లాభం ముట్టజెబుతున్నారని బయటపెట్టింది.

ఎంత అణచినా అణగకపోయేసరికి 1956లో సంఘం ఒక మెట్టు దిగింది. ఆట కోసమే స్కాలర్‌షిప్పు ఇవ్వవచ్చునని ఒప్పుకుంది. ఫీజు, భోజనం, గది, పుస్తకాలు, అంతవరకే. అదే కాలంలో కొలరాడోలో ఒక ఆటగాడు మైదానంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడికి ఇచ్చే పరిహారం తనకూ ఇమ్మని ఆయన భార్య అడిగింది. అతను కాలేజీకి ఉద్యోగి కాడని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇటువంటి దావాలకు భయపడే 'స్టూడెంట్ అథ్లెట్' అన్న మాట పుట్టించామని సంఘాన్ని ముప్పై ఆరేళ్లు నడిపిన వాల్టర్ బయర్స్ పదవి దిగిన తరువాత 1995లో తన పుస్తకంలో రాశాడు. విద్యార్థి అన్న మాట ముందు పెడితే కూలి అన్న మాట రాదు కదా!

ఇప్పుడు ఆడపిల్లల సంగతికి వద్దాం. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ ఒక విద్యా చట్టం మీద సంతకం చేశాడు. అందులో తొమ్మిదో భాగం, ఇంగ్లీషులో 37 మాటలే. కేంద్రప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడా మగా తేడా చూపి ఎవరినీ దూరం పెట్టరాదని దాని సారాంశం. దాని కోసం పాటుపడిన వారిలో హవాయి నుంచి వచ్చిన సభ్యురాలు ప్యాట్సీ మింక్ ఒకరు. ఆడది కావడం వల్ల ఆమెకు ఒకప్పుడు మెడికల్ కాలేజీల్లో సీటు దొరకలేదు. 2002లో ఆమె చనిపోయాక ఆ చట్టానికి ఆమె పేరే పెట్టారు. చిత్రమేమిటంటే ఆ 37 మాటల్లో ఆట అన్న మాటే లేదు. అయినా ఆటలు చదువులో భాగమని కాలేజీలే అంతకాలం చెప్పుకుంటూ వచ్చాయి కదా. ఆ మాటే వాళ్లకు అడ్డం తిరిగింది.

ఆ ఏడాది అమెరికా హైస్కూళ్లలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షల లోపే. ఇవాళ ఆ సంఖ్య 30 లక్షలు దాటింది. ఇది తేలిగ్గా జరగలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో మగపిల్లలు పడవ నడిపి వచ్చాక వేడినీళ్లతో స్నానం చేసేవాళ్లు. ఆడపిల్లలకు స్నానాల గది లేదు. చలికాలంలో తడిసిన బట్టలతో బస్సులో వణుకుతూ కూర్చునేవాళ్లు. 1976 మార్చిలో 19 మంది అమ్మాయిలు క్రీడల అధికారిణి గదిలోకి వెళ్లి, చట్టం పేరు రాసుకున్న తమ వీపులు చూపించి, తమ గోడు చదివి వినిపించారు. అది పత్రికలకెక్కింది. 1852లో మొదటి పందెం వేసిన ఆ యేల్‌లోనే ఇది జరగడం గమనించండి.

శ్రోతలారా, ఈ కథలో 1984 కీలకమైన ఏడాది. ఆ ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. కాలేజీలో ఏ విభాగానికి ప్రభుత్వం డబ్బు ముడుతుందో ఆ విభాగానికే ఈ చట్టం వర్తిస్తుందని. దాంతో ఆటల విభాగాలు చాలావరకు తప్పించుకున్నాయి. అదే ఏడాది జూన్‌లో అదే కోర్టు, టెలివిజన్ ప్రసారాలను సంఘం తన గుప్పిట్లో పెట్టుకోకూడదని, కాలేజీలు ఎవరి ఆట వాళ్లు అమ్ముకోవచ్చునని చెప్పింది. ఒక చేత్తో ఆడపిల్లల గొడుగు మూసినట్టూ, ఇంకో చేత్తో ఫుట్‌బాల్‌కు డబ్బు గేట్లు ఎత్తినట్టూ అయింది. గొడుగును 1988లో కాంగ్రెస్ మళ్లీ తెరిచింది, అధ్యక్షుడు రీగన్ వద్దన్నా వినకుండా. గేట్లు మాత్రం ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి.

ఆ వరదలో కోచ్‌ల జీతాలు పెరిగాయి, స్టేడియాలు పెరిగాయి. కుర్రవాళ్లను చేర్చుకునే పోటీ ముదిరింది. ఆటగాళ్లకు చాటుగా డబ్బిచ్చినందుకు టెక్సాస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయాన్ని 1987లో ఆ ఏడాది పొడుగునా ఆడనివ్వలేదు. ఆ చెల్లింపుల సంగతి తనకు ముందే తెలుసునని సాక్షాత్తూ రాష్ట్ర గవర్నరే ఒప్పుకున్నాడు. ఆడపిల్లల వైపు చూస్తే, బ్రౌన్ విశ్వవిద్యాలయం 1991లో మహిళల జిమ్నాస్టిక్స్, వాలీబాల్ జట్లకు డబ్బు ఆపింది. అమ్మాయిలకు ఆటల మీద అంత ఆసక్తి లేదని వాదించింది. అవకాశం ఇవ్వకుండా ఆసక్తి లేదనడం చెల్లదని కోర్టులు తేల్చాయి. మరికొన్ని కాలేజీలు మగపిల్లల కుస్తీ జట్లను ఎత్తేసి, ఈ చట్టం వల్లే ఎత్తేశామన్నాయి. మైదానంలో ఒకేసారి ఆడేది 11 మందే అయినా, ఫుట్‌బాల్ జట్టుకు అప్పట్లో ఇచ్చే 85 స్కాలర్‌షిప్పుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

చివరికి ఆటగాళ్లే కోర్టుకెక్కారు. వీడియో గేములో తన బొమ్మ వాడుకుని తనకు పైసా ఇవ్వలేదని బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓ'బానన్ 2009లో దావా వేశాడు. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కటై సంఘానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ జూలై 1 నుంచి విద్యార్థులు తమ పేరు, రూపం వాడుకోనిచ్చి ప్రకటనల్లో సంపాదించుకోవచ్చునన్నారు. 2025 జూన్ 6న మరో దావాలో జడ్జి క్లాడియా విల్కెన్ రాజీ ఒప్పందాన్ని ఆమోదించింది. పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు. ఇకమీదట ఒక్కొక్క విశ్వవిద్యాలయం నేరుగా తన ఆటగాళ్లకు పంచవచ్చు, మొదటి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. నూరేళ్ల సూత్రం అలా ముగిసింది.

పంచేదెలా? చాలా పెద్ద విశ్వవిద్యాలయాలు అనుకున్న లెక్క సుమారుగా ఇది: నూటికి 75 ఫుట్‌బాల్‌కు, 15 మగపిల్లల బాస్కెట్‌బాల్‌కు, 5 ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కు, మిగిలిన 5 తక్కిన ఆటలన్నిటికీ. సంపాదించిన వాళ్లకే ఇస్తున్నామని వాళ్ల మాట. ఈ డబ్బు స్కాలర్‌షిప్పు లాంటిదే, ఆడా మగా నిష్పత్తి చూసి పంచాలని 2025 జనవరిలో కేంద్ర విద్యాశాఖ చెప్పింది. ప్రభుత్వం మారింది. ఫిబ్రవరిలో అదే శాఖ ఆ మాట వెనక్కు తీసుకుంది. పాత బకాయిల్లో తమకు అన్యాయం జరిగిందని కొందరు క్రీడాకారిణులు ఆ జూన్‌లోనే అప్పీలుకు వెళ్లారు. అంతకు ముందు ఏడాదే, 2024లో, మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్‌ను మగవాళ్ల ఫైనల్ కన్నా ఎక్కువ మంది టెలివిజన్‌లో చూశారన్నది కూడా మనం మరిచిపోకూడదు.

ఆటగాడు జీతం అడిగినన్నాళ్లూ నువ్వు విద్యార్థివి అన్నారు. ఇప్పుడు ఆడపిల్ల వాటా అడిగితే ఇది వ్యాపారం అంటున్నారు. ఆ ఆట చదువులో భాగమైతే 1972 చట్టం దానికి వర్తించాలి. వ్యాపారమే అయితే, అన్నేళ్లు జీతం ఎగ్గొట్టిన మాట నిజమని ఒప్పుకోవాలి. రెండు పడవల మీద ఎంతకాలం కాళ్లు పెట్టనిస్తారో అక్కడి కోర్టులు తేల్చాలి. ఈసారి మీ వాళ్లు ఫోను చేసినప్పుడు స్టేడియం సంగతులతో పాటు, వాళ్ల కాలేజీలో ఆడపిల్లల జట్టుకు ఏమిస్తున్నారో కూడా ఒకమాటు అడగండి.

సెలవు.