తంజావూరు నగరు దర్శనము

తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధిని సేవించి, మా సంగీతయాత్రా బృందము మరునాడు తంజావూరు రాజనగరు చేరెను. దానిని తెలుగు నాయకరాజులు కట్టించిరి. మరాఠా ప్రభువులు పెంచిరి.

సంగీతమహలులో మాలో నొకరు క్షేత్రయ్య పదము నెత్తుకొనగా నా యొడలు గగుర్పొడిచెను. ఆ మహాకవి విజయరాఘవ నాయకుని కొలువున పాడినవాడు. ఆ రాజు కోరికపైననే వేంకటమఖి చతుర్దండిప్రకాశికను రచించి, 72 మేళములను లెక్కగట్టెను. శుద్ధమధ్యమముతో 36, ప్రతిమధ్యమముతో 36, శేషము లేదు! కరణము నగుటచే నాకీ లెక్కయందు మక్కువ హెచ్చు.

1673లో మధుర సేనలతో పోరి విజయరాఘవుడు మడిసెను, కొలువు చెదరెను. పుస్తకములు మాత్రము నిలిచినవి. మరాఠా రాజు శరభోజి (1798–1832) పెంపొందించిన సరస్వతీమహలు 1918లో ప్రజలకు తెఱవబడెను. అందు తెలుగు తాళపత్రములతోపాటు మోడి లిపిలోని మరాఠా దస్త్రములును కలవు. తోడివారు పద్యములను గూర్చి యడుగుచుండగా నేను పద్దులను గూర్చి యడిగితిని.

సాయంకాలము శివగంగ తోటలో అందఱును కీర్తనలు పాడుచుండగా, నా మనస్సు మా యింటి అటుకమీదికి పోయెను. మా తాతగారి తాటాకు కట్టలు రెండింటిలో నొకటి నా యశ్రద్ధచే చెదల పాలైనది. రెండవదానిని ఈ రజతోత్సవమునాడు మన గ్రంథాలయమునకు ఒప్పగించుచున్నాను.