పోర్షే 911 కూలింగ్ ఫ్యాన్: పనితీరు, మార్పిడి

1964 నుంచి 1998 వరకు తయారైన పోర్షే 911 కార్ల ఇంజన్‌కు నీళ్లు లేవు, రేడియేటర్ లేదు. కారు వెనక మూత ఎత్తగానే కళ్లెదురుగా కనిపించే రెక్కల చక్రం, ఇంజన్ ఆయిల్, ఈ రెండే ఆ ఇంజన్ వేడిని బయటికి తోడేస్తాయి. ఫ్యాన్ పాడైనప్పుడు మార్చడం, లేదా ఎక్కువ గాలి కోసం మరో రకం ఫ్యాన్‌నూ పుల్లీనీ బిగించడం ఈ కార్ల మరమ్మతులో తరచు చర్చకొచ్చే పని. పెద్దదీ వేగమైనదీ అయితే చాలు, ఇంజన్ చల్లగా ఉంటుందన్న నమ్మకం ఈ పనిలో చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది.

సూత్రం మనకు కొత్తది కాదు. పాత బజాజ్ చేతక్ స్కూటర్ విప్పి చూసినవారికి తెలుసు: ఫ్లైవీల్ మీది రెక్కలు విసిరిన గాలిని రేకు తొడుగు సిలిండర్ చుట్టూ మళ్లిస్తుంది. తొడుగు తీసేస్తే ఫ్యాన్ తిరుగుతున్నా ఇంజన్ కాగిపోతుంది. 911లోనూ ఫ్యాన్ ఎంత ముఖ్యమో తొడుగూ అంతే ముఖ్యం.

911కి ముందొచ్చిన పోర్షే 356, దానికి మూలమైన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజన్లలో గాలిని మధ్యలో పీల్చి అంచుల వైపు విసిరే ఫ్యాన్ ఉండేది. 911 ఆరు సిలిండర్ల ఇంజన్‌కు, ఇంజనీర్ హన్స్ మెట్స్‌గర్ పేరు ముడిపడిన ఆ ఇంజన్‌కు, విమానపు ప్రొపెల్లర్ లాగా గాలిని ఎదురుగా తోసే ఫ్యాన్‌ను ఎంచుకున్నారు. దానికి 11 రెక్కలు, వ్యాసం 245 మిల్లీమీటర్లు. గుండ్రటి లోహపు గూడు నడుమ ఆల్టర్నేటర్ కూర్చుంటే, దాని ఇరుసు మీదే ఫ్యాన్ తిరుగుతుంది. కింద క్రాంక్ పుల్లీ నుంచి ఒకే ఒక్క బెల్టు ఈ రెండింటినీ తిప్పుతుంది. ఫ్యాన్ తోసిన గాలి ఫైబర్ తొడుగులోంచి దిగి సిలిండర్లనూ హెడ్లనూ ఒరుసుకుంటూ కిందికి పోతుంది. అందులో కొంత ఇంజన్‌కే బిగించిన ఆయిల్ కూలర్‌కు చేరుతుంది.

మొదటి కార్లలో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే ఫ్యాన్ 1.3 చుట్లు తిరిగేది. 1970ల మధ్యలో కార్లలో కరెంటు వాడకం పెరిగింది. ఇంజన్ నెమ్మదిగా నడుస్తున్నప్పుడు కూడా బ్యాటరీ ఛార్జ్ కావాలంటే ఆల్టర్నేటర్ ఇంకా వేగంగా తిరగాలి. ఒకే ఇరుసు కాబట్టి ఫ్యాన్ వేగమూ పెరగక తప్పదు. 1976లో పుల్లీ నిష్పత్తిని 1.8కి పెంచి, రెక్కలను అయిదుకు తగ్గించారు. ఈ అయిదు రెక్కల ఫ్యాన్‌కు చెడ్డపేరు వచ్చింది. అప్పటి 2.7 లీటర్ల ఇంజన్ క్రాంక్‌కేసు మెగ్నీషియంతో చేసినది. అమెరికాకు పంపిన కార్లలో పొగలోని మలినాలను కాల్చే థర్మల్ రియాక్టర్లు హెడ్ల కిందే నిప్పుల కుంపటిలా ఉండేవి. ఆ వేడికి హెడ్లను పట్టి ఉంచే స్టడ్లు మెత్తని లోహంలోంచి ఊడివచ్చేవి. నేరమంతా ఫ్యాన్‌ మీదే మోపడం న్యాయం కాదు. అయినా అలాంటి ఇంజన్‌కు 11 రెక్కల ఫ్యాన్ వేయడం డబ్బుకు తగిన పని.

1978లో 911 ఎస్‌సీకి మళ్లీ 11 రెక్కలే వచ్చాయి గాని, వ్యాసం 226 మిల్లీమీటర్లకు తగ్గింది, నిష్పత్తి 1.8గానే ఉంది. 1980లో పాత 245 తిరిగొచ్చింది, నిష్పత్తి సుమారు 1.67 అయింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి లెక్కవేస్తే ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే చిన్న ఫ్యాన్ 10,800 చుట్లు, పెద్దది దాదాపు 10,000 చుట్లు తిరుగుతాయి. రెక్కల కొసల వేగం మాత్రం రెంటికీ ఒకటే, సెకనుకు 128 మీటర్లు. రెక్కల ఆకారం ఒకటే అనుకుంటే, అదే కొస వేగంతో పెద్ద ఫ్యాన్ సుమారు 18 శాతం ఎక్కువ గాలి తోస్తుంది. 226 ఫ్యాన్ ఉన్న కారుకు 1980 తర్వాతి ఫ్యాన్ వేయడంలోని లాభం ఇదే.

అయితే ఆ మార్పును ముక్కలుగా చేయకూడదు. ఫ్యాన్ మారితే గూడూ మారాలి, ఎందుకంటే గూడు లోపలి వ్యాసం ఫ్యాన్‌కు సరిపోవాలి. రెక్కకూ గోడకూ మధ్య సందు పెరిగితే గాలి వెనక్కి జారిపోతుంది. క్రాంక్ పుల్లీ, పై పుల్లీ, బెల్టు ఒకదానికొకటి సరిపోయే జతగా ఉండాలి.

వేగం పెంచినందుకు ఫిజిక్సే పన్ను వేస్తుంది. ఫ్యాన్ తోసే గాలి వేగానికి సూటిగా పెరిగితే, తిప్పడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి పెరుగుతుంది. 1.3 నిష్పత్తిని 1.67 చేస్తే గాలి సుమారు 28 శాతం పెరుగుతుంది, ఫ్యాన్ తినే శక్తి మాత్రం రెట్టింపు దాటుతుంది. ఆల్టర్నేటర్ బేరింగులూ బెల్టూ ఆ భారం మోయాలి. బెల్టు బదులు కరెంటు ఫ్యాన్ పెడదామన్న ఆలోచనకూ ఇదే లెక్క అడ్డు. 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ మొత్తం ఇచ్చేది 1,260 వాట్లే, అంటే రెండు హార్స్‌పవర్లలోపే. ఎక్కువ వేగంలో ఈ ఫ్యాన్‌కు అంతకు మించి కావాలి. 1989 నుంచి వచ్చిన తర్వాతి తరం 911లో, అంటే 964లో, పోర్షే మరో దారి తొక్కింది. ఫ్యాన్‌కు ఒక బెల్టు, ఆల్టర్నేటర్‌కు వేరే బెల్టు పెట్టి, దేనికి తగిన వేగం దానికి ఇచ్చింది.

విప్పడం, బిగించడం

ఫ్యాన్ తీసేముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి. ఆల్టర్నేటర్‌కు వచ్చే లావుపాటి తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పుల్లీ కదలకుండా పట్టుకొని మధ్య నట్టు వదులు చేస్తే బెల్టు వస్తుంది. గూడును చుట్టిన పట్టీ వదిలితే గూడు, ఫ్యాన్, ఆల్టర్నేటర్ కలిపి ఒకే ముద్దగా వెనక్కి లాగవచ్చు. కొత్తది కాని ఫ్యాన్ కొంటున్నప్పుడు రెక్కల మొదళ్లను, నడుమ బొడ్డును మంచి వెలుతురులో చూడాలి. సన్నని పగులున్నా, మెగ్నీషియం మీద తెల్లని పొడి లేచినా దాన్ని పక్కన పెట్టేయాలి. నిమిషానికి పదివేల చుట్లు తిరిగే లోహంలో పగుళ్లతో రాజీ కుదరదు. బిగించాక చేత్తో నెమ్మదిగా తిప్పి ఏ రెక్కా గూడును తాకడం లేదని చూడాలి. తాకుతుంటే ముందుగా అనుమానించాల్సింది ఆల్టర్నేటర్ బేరింగునే.

కొత్త ఫ్యాన్ కన్నా ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంజన్ చుట్టూ ఉండే రబ్బరు అంచు చిరిగితే కింద సైలెన్సర్ దగ్గరి వేడిగాలి పైకి వచ్చి ఫ్యాన్‌లోకే వెళుతుంది. అప్పుడు ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా తోసేది వేడిగాలినే. సిలిండర్ల మధ్య రేకులు లేకపోయినా, ఆయిల్ కూలర్ సందుల్లో జిడ్డూ దుమ్మూ పేరుకున్నా అంతే నష్టం. నా లెక్కలో వేడెక్కుతున్న 911కి మొదటి ఖర్చు వీటి మీద పెట్టాలి, ఆ తర్వాత ముందు ఫెండర్‌లో అదనపు ఆయిల్ కూలర్ మీద. ఫ్యాన్ సంగతి ఆ తర్వాతే చూడాలి.

బెల్టు బిగుతును సరిచేసే పద్ధతి మామూలు కార్లలో లాంటిది కాదు. పై పుల్లీ రెండు చిప్పలుగా ఉంటుంది, వాటి మధ్య పలుచని వాషర్లుంటాయి. బిగుతు పెరగాలంటే మధ్యలోంచి ఒక వాషర్ తీయాలి. చిప్పలు దగ్గరై బెల్టు పైకెక్కుతుంది. తీసిన వాషర్‌ను పారేయకుండా బయటి వైపు నట్టు కిందే ఉంచుతారు, తర్వాతి బెల్టుకు మళ్లీ కావాలి కాబట్టి. బొటనవేలితో మధ్యలో నొక్కితే బెల్టు ఒక సెంటీమీటరు నుంచి ఒకటిన్నర వరకు లొంగాలి. కొత్త బెల్టు సాగుతుంది గనుక కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడాలి.

ఒకే బెల్టున్న కార్లలో అది తెగితే డాష్‌బోర్డు మీద ఛార్జింగ్ ఎర్రలైటు వెలుగుతుంది. మామూలు కారులో ఆ లైటు ఎక్కువగా బ్యాటరీ గురించి చెబుతుంది, చాలాసార్లు ఇంటిదాకా నెట్టుకు రావచ్చు. 911లో అదే లైటు ఫ్యాన్ ఆగిందని కూడా చెబుతోంది. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. అందుకే ఈ కార్లవాళ్లు ముందు డిక్కీలో ఒక బెల్టూ పుల్లీ పానా పెట్టుకోనిదే దూరప్రయాణం బయల్దేరరు.